కింది గది మెలకువ

పైనుంచి చూస్తే ఆ పంపుల స్టేషన్ ఏమంత పెద్దదిగా కనిపించదు. ఒక గేటు, ఒక రేకుల షెడ్డు, సైకిళ్ళు పెట్టుకోవడానికి కాస్త చోటు. అసలు సంగతంతా భూమి లోపల ఉంది. ఇనప మెట్ల మీద మూడంతస్తులు దిగితే, ఊరందరి కుళాయిలకీ నీళ్ళు తోసే పంపులు వరసగా కూర్చుని గురక పెడుతుంటాయి. వాటికి ఒక అంతస్తు పైన, కిటికీ లేని చిన్న గదిలో, ఆవిడ పదకొండు రోజులుగా పని చేస్తోంది.

అక్కడివాళ్ళు ఆవిడని ఎర్రగీత మేడమ్ అనేవాళ్ళు. ఎదురుగా కాదు, చాటున. ఆవిడకి తెలుసు. తెలిసీ ఊరుకుంది, ఎందుకంటే ఆవిడకి ఎవరైనా ఒక పేరు పెట్టి చాలా కాలమైంది.

స్టేషన్లో ప్రతి వస్తువుకీ ఒక పేరుంటుంది. పంపుకి, వాల్వుకి, తలుపుకి, నీటిమట్టం కొలిచే కర్రకి. దేన్ని ఎన్ని సెకన్లకోసారి చూడాలి, అంకె ఎంత దాటితే గంట కొట్టాలి, ఎంత దాటితే పంపు ఆపేయాలి, ఇదంతా ఫైళ్ళలో రాసి ఉంటుంది. ఆ రాతకో భాష. చిన్నదే గానీ మహా పెంకి భాష. తప్పు పేరు రాసినా బుద్ధిగా తలూపుతుంది, మూడు నెలలు పోయాక ఏ తుఫాను రోజో కొంప ముంచుతుంది. ఆ భాష రాసేవాళ్ళకి చేదోడుగా ఉండే టూల్ తయారు చేయడం ఆవిడ ఉద్యోగం. సగం పేరు కొడితే మిగతా సగం అందిస్తుంది. తప్పు రాస్తే కింద ఎర్రగీత గీస్తుంది.

అందులో ఆవిడ అన్నిటికన్నా ముద్దుగా రాసుకున్నది పిలుపు. ఫైల్లో కనబడిన ప్రతి పేరునీ టూల్ స్టేషన్ తీగలన్నిటి మీదా కేకేస్తుంది, ఈ పేరు ఎవరిదని. ఎవరిదైతే వాళ్ళు ‘నాదే’ అని పలికి తమ అంకె చెబుతారు. పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పడుతుంది. ఎవరూ పలక్కపోతే ఎర్రగీత.

పిలిస్తే పలకడమన్నది ఎంత పెద్ద విషయమో ఆవిడకి బాగా తెలుసు. కిందటేడు ఒక శుక్రవారం సాయంత్రం తన ఫ్లాట్ బాత్రూంలో జారిపడి రెండు గంటలు లేవలేకపోయింది. నొప్పి ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒకటే ఆలోచన: సోమవారం ఆఫీసులో కుర్చీ ఖాళీగా కనిపించేదాకా తను లేదన్న సంగతి ఎవరికీ తెలీదు.

ఆ రోజు ఏడాదికోసారి జరిగే శుభ్రం. పొద్దున్నే పంపులన్నీ ఆపేశారు. పనివాళ్ళంతా చెరువు దగ్గర జాలీలు కడగడానికి వెళ్ళిపోయారు. పైన షెడ్డులో ఉన్న పై గదిలో ఫోర్‌మన్ ఒక్కడే ఉన్నాడు. వయసులో పెద్దవాడు, అందరికీ బాబాయే. గురక ఆగిపోయేసరికి భూమి లోపల ఎన్ని చప్పుళ్ళున్నాయో ఆవిడకి మొదటిసారి వినిపించింది. ఎక్కడో బొట్టు పడుతోంది. ఎక్కడో ఇనుము చల్లబడి చిటుక్కుమంటోంది.

నాలుగువేల నూట పద్దెనిమిది పేర్లు. ఒకదానికి తప్ప అన్నిటికీ పచ్చచుక్క వచ్చింది. ఆ ఒక్క పేరు, కింది గది మెలకువ. దాని పైన, ముప్ఫై ఏళ్ళ కిందటి రాతగాడెవరో రాసిపెట్టిన నాలుగు మాటలున్నాయి:

‘కింది గదిలో మనిషి పది నిమిషాలకోసారి బటన్ నొక్కాలి. ఆరువందల సెకన్లు దాటితే పై గదిలో గంట. గంట మోగితే పైమనిషి దిగాలి. పైమనిషి వచ్చేదాకా కిందిమనిషి కదలకూడదు.’

పొద్దున టీ తాగుతూ బాబాయిని దాని సంగతి అడిగింది. ఆ గది మూతపడి పాతికేళ్ళు దాటిందనీ, బటన్ పీకేశారనీ, కేబులు కోసేశారనీ, చెరిపేయమనీ చెప్పాడు. ఒక మాట అడిగితే నాలుగు మాటలూ రెండు జోకులూ కలిపి ఇచ్చే మనిషి, ఆ కాస్తా చెప్పి గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

మూడుసార్లు పిలవకుండా ఆవిడ ఏ పేరునీ చెరపదు. మధ్యాహ్నం రెండున్నరకి మొదటిసారి పిలిచింది. ఎవరూ లేరు. రెండోసారి పిలిచింది. ఎవరూ లేరు. మూడోసారికి ఎర్రగీత పోయి పచ్చచుక్క పడింది. పక్కన 341.

342. 343.

ఆవిడ నవ్వుకుంది. ఇది తన తప్పే. పాత అంకె ఎక్కడో దాచుకుని టూల్ దాన్నే చూపిస్తోంది. అన్నీ మూసేసి, దాచుకున్నవన్నీ తుడిచేసి మళ్ళీ తెరిచింది. 420. టూల్ జోలికి పోకుండా, నల్ల తెర మీద చేత్తో ఆజ్ఞ రాసి నేరుగా అడిగింది. 488. అప్పటికి నవ్వు పోయింది గానీ భయం రాలేదు. ఏ పెట్టెలోనో కోసేసిన తీగ ఇంకో తీగకి తగులుతూ ఉండొచ్చు. ఇలాంటివి ఆవిడ బోలెడు చూసింది.

596. 597. 598.

0.

సరిగ్గా అప్పుడే, కాళ్ళ కింద నుంచి, టక్‌మని చప్పుడు.

ఆవిడ కుర్చీలో కదలకుండా కూర్చుంది. 1. 2. 3. బొట్టు పడుతూనే ఉంది. తలుపు సందులోంచి తడిగోడ వాసన వస్తోంది. పదకొండు రోజులుగా అలవాటైన వాసనే. దానిలో ఇప్పుడు ఇంకొకటి కలిసింది. మాసిన చొక్కా, నిద్రలేని నోరు... ఒకే గదిలో చాలాసేపు కూర్చున్న మనిషి వాసన.

పై గదికి ఫోను చేసింది.

“బాబాయ్, కింద ఎవరైనా ఉన్నారా?”

“ఎవరూ లేరమ్మా. అందరూ చెరువు దగ్గరే కదా.”

“మెలకువ అంకె నడుస్తోంది.”

అవతల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత, చెవిలో చెప్పినట్టు, “ఎంతలో ఉంది?” అన్నాడు.

“నూట తొంభై.”

అప్పుడు చెప్పాడు. ఎవరికీ చెప్పని మాట చెప్పేటప్పుడు మనుషులు ఎలా చెబుతారో అలా, తడుముకుంటూ, మధ్యలో ఆగుతూ. తను ఉద్యోగంలో చేరిన కొత్త. రెండు రోజులుగా తుఫాను, బస్సుల్లేవు. కింది గదిలో ఉన్న పెద్ద ఆపరేటరుని డ్యూటీ నుంచి దింపడానికి రావలసిన మనిషి రాలేదు. ఆయన తన షిఫ్టు చేశాడు, తర్వాతది చేశాడు, మూడోది కూడా మొదలుపెట్టాడు. ప్రతి పది నిమిషాలకీ బటన్ నొక్కుతూనే ఉన్నాడు. పై గదిలో ఉన్నది తను. ఆ గంట చెడిపోయి ఊరికే మోగేది. నిద్ర ముంచుకొస్తోంది, కాస్త నడుం వాల్చుదామని, గంటకీ దాని నాలుకకీ మధ్య కాగితం మడిచి కుక్కాడు. లేచి దిగేసరికి కింద ఆయన కుర్చీలోనే ఉన్నాడు. చెయ్యి గోడ మీద ఉంది. వేలికీ బటన్‌కీ మధ్య జానెడు దూరం లేదు. అరగంట ముందు ఎవరైనా వచ్చి ఉంటే బతికేవాడని డాక్టరు అన్నాడు. కాగితం సంగతి తను ఇన్నేళ్ళూ భార్యకి కూడా చెప్పలేదు.

“మీరు దాన్ని చెరిపేసి పైకి వచ్చేయండమ్మా,” అన్నాడు చివరికి.

ఆవిడ వేలు చెరిపే మీట మీదే ఉంది. ఒక్క నొక్కు. లైను పోతుంది, పేరు పోతుంది, ఇంకెప్పుడూ ఎవరూ ఆ పేరు పిలవరు. చూస్తుండగానే అంకె ఆరువందల దగ్గరికి వచ్చేసింది. 598. 599. టక్‌మనే చప్పుడు కోసం చెవి రిక్కించింది.

600.

చప్పుడు లేదు.

601. 602. 615...

“బాబాయ్, ఆరువందలు దాటింది.”

ఫోను చెవిన పెట్టుకునే లేచి నిలబడింది.

“రండి, ఇద్దరం వెళ్దాం.”

“నా కాళ్ళు రావడం లేదమ్మా.” ఆ పెద్దమనిషి ఏడుస్తున్నాడు.

పైకి వెళ్ళే మెట్లు గది బయట కుడివైపు. కిందికి వెళ్ళేవి ఎడమవైపు. పైన వెలుతురు ఉంది, మనిషి ఉన్నాడు. ఆవిడ టార్చి పట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది. బాత్రూం గచ్చు మీద చెంప ఆనించి, ఎవరైనా వస్తారేమోనని తలుపు వైపు చూసిన ఆ రెండు గంటలూ గుర్తొచ్చాయి. ఎడమవైపు తిరిగింది.

ఇరవై రెండు మెట్లు. ఆగిపోయిన పంపుల మధ్య నుంచి నడిచింది. చివర ఒక తలుపు. గడియ తుప్పు పట్టి ఉంది. తోస్తే అడ్డు చెప్పకుండా తెరుచుకుంది.

టార్చి వెలుగులో చిన్న గది. నేలంతా దుమ్ము, అడుగు జాడ లేదు. గోడకి ఎదురుగా ఒక ఇనప కుర్చీ. దాని చేతుల మీద దుమ్ము, వీపు మీద దుమ్ము. కూర్చునే చోట మాత్రం లేదు. గోడకి ఒక రేకు బిగించి ఉంది. బటన్ ఉండాల్సిన చోట వట్టి రేకే. దాని కింద నుంచి కోసేసిన కేబులు వేలాడుతోంది. కానీ ఆ రేకు నడిమధ్య వేలెడంత మేర మెరుస్తోంది. రోజూ తాకితే తప్ప రాని మెరుపు.

కుర్చీ వైపు నుంచి ఒక ఊపిరి... లోపలికి.

ఆవిడ ఎదురుచూసింది. ఆ ఊపిరి బయటికి రాలేదు.

టార్చి వెలుగుని కుర్చీ మీద నుంచి నేలకి దించింది.

“నేను పైనుంచి వచ్చాను,” అంది మెల్లగా. “ఆలస్యమైంది. మీ డ్యూటీ అయిపోయింది. ఇక మీరు వెళ్ళండి.”

ఏమీ లేదు. బొట్టు పడింది. ఇంకో బొట్టు.

ఏం చేస్తే ఆయన నమ్ముతాడో ఆవిడకి తోచింది. చెయ్యి చాచి, మెరుస్తున్న చోట వేలు పెట్టింది. రేకు వెచ్చగా ఉంది. ఇప్పుడే ఎవరో చెయ్యి తీసినంత వెచ్చగా. నొక్కింది.

టక్.

కుర్చీ కిర్రుమంది. బరువు దిగిన చప్పుడు. ఆవిడ భుజం పక్కనుంచి చలిగాలి కదిలిపోయింది. తర్వాత పంపుల మధ్య అడుగులు. తొందర లేని అడుగులు, చాలాసేపు కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కిన మనిషివి. ఇనప మెట్లు ఒక్కొక్కటే మోగాయి. ఒకటి... రెండు... ఇరవై రెండూ అయ్యాయి, ఇంకా పైకి, ఇంకా పైకి. అవి పూర్తిగా వినబడకుండా పోయేదాకా ఆవిడ ఆ రేకు మీద వేలు తీయలేదు.

గదికి వచ్చి చూస్తే స్క్రీను మీద ఎర్రగీత ఉంది. మూడుసార్లు పిలిచింది. ఎవరూ పలకలేదు. అప్పుడు చెరిపింది.

బాబాయి మెట్ల మధ్యలో కనిపించాడు. సగం దాకా దిగి వచ్చాడు పాపం. ఇరుకు మెట్ల మీద ఎదురుగా మనిషి వస్తే ఎలా తప్పుకుంటామో అలా గోడకి అతుక్కుని, పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడి ఉన్నాడు.

“దారిచ్చాను,” అన్నాడు.

అంతే. మర్నాడు ఆయన పెద్దాఫీసుకి వెళ్ళి గంట సంగతి కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చి వచ్చాడని తర్వాత తెలిసింది. ఆయన ముఖంలో ఇన్నాళ్ళకి కంటినిండా పట్టిన నిద్ర కనబడుతోందని పనివాళ్ళు చెప్పుకున్నారట.

ఆవిడ పని ముగించుకుని ఇంటికి వచ్చేసింది. ఆరు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం స్టేషన్లో కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. టూల్ బ్రహ్మాండంగా ఉందనీ, ఒక్క చిన్న తేడా మాత్రం కనబడిందనీ రాసింది. తమ ఫైళ్ళలో ఎక్కడా లేని పేరొకటి తీగల మీద ఎవరో పిలుస్తున్నట్టు నమోదైందట. ఏ మెషీను నుంచి పిలిచారో తెలియడం లేదట. వీలున్నప్పుడు చూడమంది.

ఆవిడ మెయిల్‌తో పాటు వచ్చిన పిలుపుల జాబితా తెరిచింది. తను స్టేషన్ వదిలి వచ్చిన రోజు నుంచి, పది నిమిషాలకోసారి, ఒకటే పేరు. అది పంపు పేరు కాదు, వాల్వు పేరు కాదు. ఆవిడకి చిన్నప్పుడు ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరు. ఏ కాగితంలోనూ లేదు. తల్లి పోయాక ఆ పేరు తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఎవరూ లేరు.

ప్రతి పిలుపు పక్కనా ‘ఎవరూ పలకలేదు’ అని ఉంది. పేజీలకి పేజీలు అదే. కిందికి, కిందికి జరిపింది. పోయిన మంగళవారం, మధ్యాహ్నం మూడూ ఇరవై దగ్గర మాట మారింది. ‘పలికారు’ అని ఉంది. ఆ తర్వాత మళ్ళీ పిలవలేదు. ఒక్కసారి కూడా.

మంగళవారం ఆవిడకి జ్వరం. ఆఫీసు మానేసి ఇంట్లో పడుకుంది. మధ్యాహ్నం మగతలో ఎవరో పిలిచినట్టనిపించింది. కళ్ళు తెరవకుండానే “ఊఁ” అంది. ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో, హాయిగా అనిపించి మళ్ళీ నిద్రలోకి జారుకుంది.

ఆ పిలుపు కిటికీ వైపు నుంచి రాలేదు. తలుపు వైపు నుంచీ రాలేదు. దిండుకి ఆనిన చెవికి వినిపించింది, మంచం కన్నా, గచ్చు కన్నా కింద నుంచి.

ఆవిడ ఉండేది నేల అంతస్తు ఫ్లాటు. దాని కింద మట్టి తప్ప ఏమీ లేదు.