ఏడు ముడుల మోకు

బీచుపల్లికి దిగువన కృష్ణల ఏడు నిలువుల మడుగని ఒకటుండె. పొద్దుగూకినంక ఎవ్వరూ అటు మొకం పెట్టకపోయేది. నిజాం జమానా ముచ్చట ఇది, మా రుక్కమ్మవ్వ చెప్పంగ విన్న.

అప్పటికి అయిదేండ్ల కింద దశరథం ఆ మడుగులనే మునిగి సచ్చిండు. రెండేండ్ల సంది రాత్రిపూట నట్టనడుమ ఎవరో… మోకాలిమంటి నీళ్లల్ల నిలవడి కనవడుతుండె. ఏడుగురు ఒకరి మీద ఒకరు నిలవడ్డా మునిగే తావది. మనిషైతే గట్ల నిలవడతడా? దశరథమే దెయ్యమైండని ఊరంత అనుకున్నది.

ఆయన పెండ్లాం రంగమ్మ. ఆ ఎండకాలంల ఆమె మొగుని అన్న, బావ భీమన్న, కృష్ణల పుట్టి నడిపేటోడు, మెరకమీది ఆమె ఇల్లు తాను తీసుకొని ఒడ్డుకున్న తన మడి ఆమెకిచ్చిండు. "నల్లమన్ను రంగమ్మా, బంగారం పండుతది. వరదొస్తే ఆ నీళ్లను ముందుగాల మడుగే మింగుతది" అన్నడు. ఏటేట వానలకు ముందు పుట్టిల పోయి, నిలువుకో ముడేసిన మోకుతాడు మడుగుల దించి లోతు చెప్పేది ఆయనే. ఆ మాట మీదనే ఒడ్డుకున్నోళ్లు గుడిసెలు ఏసుకునేది. ఈసారి గూడ "ఏడు ముడులు మునిగినయ్" అన్నడు. ఇద్దరు పిల్లలతోని రంగమ్మ గుడిసె ఏసుకున్నది.

శ్రావణంల వరద ఎర్రనీళ్లు మొదలైనయ్. పిల్లలు పండుకున్నంక రంగమ్మకు పానం ఆగలే. దెయ్యమైతేంది, నా మొగుడే గదా, పిల్లలను జర చూస్కొమ్మని చెప్పొస్త… అనుకొని పసుపు బియ్యం కొంగున కట్టుకొని పోయింది.

మబ్బు జరిగింది. నీళ్ల నడుమ… నిలవడి ఉన్నడు.

"ఏమయ్యా…" అన్నది మెల్లగ.

ఆ ఆకారం మళ్లింది. నీళ్లు తొక్కుకుంట… తొక్కుకుంట… ఒడ్డుకే వచ్చింది. భుజం మీద మోకు.

భీమన్న.

రంగమ్మ ఎదురువోయింది. మోకు గుంజుకొని తడిమి చూసింది. కొసముడి ఒక్కటే తడిగున్నది. మిగిలిన ఆరు పొడిగున్నయ్.

"మడుగు యాడికి పోయింది బావా?"

"పూడింది. ఏటేట వచ్చిన మన్ను మేటలేసి… మూడేండ్లాయె. అప్పటిసంది పెద్ద వరద రాలే. ఇగ నీళ్లకు జాగ లేదు. ఒడ్డుమీదికే ఎక్కుతయ్."

"తెల్సే నన్ను ఈడ పెట్టినవా?"

"నాకు మెరకమీది ఇల్లు కావాలె గదా" అన్నడు భీమన్న.

"మరి నీళ్లల్ల కనవడ్డ నా మొగుడు…?"

"మేట ఎంత పెరిగిందో రాత్రిపూట చూడవోతె నన్ను చూసిండ్రు. దశరథమని నేనే పుకారు లేపిన. లేకుంటే ఎవడో ఒకడు దిగి చూస్తుండె."

సొంత తమ్ముని పేరు పెట్టి వాని పిల్లలనే ముంచజూసిండు. రంగమ్మ కొంగుముడి విప్పింది. బియ్యం ఆయన మొకాన కొట్టి గుడిసె దిక్కు ఉరికింది. పక్కపొంటి నీళ్లు గూడ ఉరుకుతున్నయ్. లేపుకుంట, అరుసుకుంట పిల్లలనూ ఒడ్డుకున్నోళ్లనూ మెరక ఎక్కించేసరికి గుడిసెలు కొట్టుకపోయినయ్.

భీమన్న కట్టేసిన పుట్టి విప్పుదామని ఆగిండంట. మళ్ల ఇల్లు చేరలే.

రంగమ్మ మెరకమీది తన ఇంట్లకు తాను పోయింది. ఆమె సచ్చేదాంక ఆ మోకు ఇంటి దూలానికే యాలాడింది.

అయినా ఎర్రనీళ్లొచ్చిన రాత్రి, మడుగు నడుమ ఎవరో మోకు దించుకుంట ముడులు లెక్కవెడుతరంట. ఏడు దాంక పోదు ఆ గొంతు.

"ఒకటి…" అంటది. ఆగుతది. మళ్ల… "ఒకటి…"