మస్టర్ రోల్‌లో లేనివాళ్ళు

“అప్పాజీ దొరికిపోయాడు.”

చీఫ్ మార్కండేయులుగారు ఆ ఒక్క మాట అని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రాజమండ్రి కోటిపల్లి బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జిలో మూడో అంతస్తు గది అది. తలుపు మీద ‘ఎరువుల ఏజెన్సీ’ అని బోర్డు, లోపల వైర్‌లెస్ సెట్టు. ఆ ఏజెన్సీ ఇంతవరకు ఎవరికీ ఒక్క యూరియా బస్తా అమ్మిన పాపాన పోలేదు.

ఏజెంట్ ఉదయభాస్కర్ కుర్చీలోంచి లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

“బతికే ఉన్నాడా సార్?”

“పొద్దున్న వరకు ఉన్నాడు. సాయంత్రం కంటైనర్‌లో పోర్టుకి వెళ్తాడు. ఓడ ఎక్కాక వాణ్ణి నడిసముద్రంలో తోసేస్తారు.”

ఉదయ్ కాలు కాలిన పిల్లిలా గదంతా తిరగడం మొదలుపెట్టాడు. అప్పాజీ అతనికి వట్టి సహోద్యోగి కాదు. ట్రైనింగ్‌లో ఒకే గది, ఒకే సబ్బు. వాడు లేని డిపార్ట్‌మెంట్‌ని ఉదయ్ ఊహించుకోలేడు, ఊహించుకోవడం అతనికి ఇష్టం లేదు కూడా.

1998 వేసవి అది. భీమవరం శివార్లలో ‘నీలోత్పల మెరైన్’ అనే రొయ్యల ఫ్యాక్టరీ. దాని ఎక్స్‌పోర్ట్ కన్సల్టెంట్ లోరెంజ్ అనే విదేశీయుడు. పైకి రొయ్యలు, లోపల గూఢచర్యం. మన సముద్రంలో గ్యాస్ ఎక్కడెక్కడ ఉందో చూపించే రహస్య మ్యాపుల్ని దొంగతనంగా కొని, రొయ్యల పెట్టెల మధ్య దేశం దాటిస్తున్నాడు. కూపీ లాగడానికి అప్పాజీ అక్కడ ఐసు కొట్టే కూలీగా చేరాడు. కూపీ అయితే లాగాడు కానీ, దాంతోపాటు తనూ చిక్కాడు.

“పోలీసుల్ని పంపితే?”

“జీపు గేటు దాటేలోపు అప్పాజీ తలలో గుండు దిగుతుంది. లోపల గన్‌మెన్ ఉన్నారు. ఎంతమందో తెలీదు.”

ఉదయ్ టక్కున ఆగాడు.

“నన్ను లేబర్ ఇన్‌స్పెక్టర్‌గా పంపండి సార్. వెనక గేటు దగ్గర ఒక మూసేసిన వ్యాను, మనవాళ్ళు ఉండాలి. బయటికి ఎవరొస్తే వాళ్ళని చప్పుడు లేకుండా ఎక్కించేసుకోవాలి.”

“బయటికి ఎందుకొస్తారోయ్?”

“మీరు ఢిల్లీలో పనిచేసొచ్చారండీ, మా సంగతులు మీకు తెలీవు. చట్టం ప్రకారం ప్రతి ఫ్యాక్టరీలోనూ మస్టర్ రోల్ ఉండాలి. పనిచేసే ప్రతి మనిషి పేరు, హాజరు అందులో ఉండాలి. సగంమంది పేర్లు ఉండవు. అందుకని ఇన్‌స్పెక్టర్ జీపు కనపడగానే సూపర్‌వైజర్ చేసే మొట్టమొదటి పని, రోల్స్‌లో లేనివాళ్ళందర్నీ వెనక గేటులోంచి చెరువుగట్టు మీదికి తోలెయ్యడం. మాది ఆ పక్కనే, ఉండి అనే ఊరు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. అప్పాజీ పేరు రోల్స్‌లో లేకపోతే, వాణ్ణి దాచిన గది తాళం కూడా వాళ్ళే తీసి బయటికి పంపిస్తారు.”

మార్కండేయులుగారికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. “లోపల మన మనిషి దేవకుమారి ఉంది. పర్సనెల్ మేనేజర్. లోరెంజ్ మనిషిలా నటిస్తూ మనకి కబుర్లు పంపుతోంది. అప్పాజీ పేరు రోల్‌లో ఉంటే కొట్టెయ్యమని, వెనక వ్యాను ఉంటుందని ఆవిడకి చెబుతాను.”

“ఆవిడ నటించేది వాళ్ళ దగ్గరేనని ఖాయమేనాండీ?”

“ఎవరో ఒకర్ని నమ్మాలి కదయ్యా.”

ఆ జవాబు ఉదయ్‌కి బొత్తిగా నచ్చలేదు. కానీ టైము లేదు.

*

మధ్యాహ్నం ఎండ మండిపోతుండగా నీలోత్పల గేటు ముందు జీపు ఆగింది. అందులోంచి బూడిదరంగు సఫారీ సూటు, నుదుట కుంకుమబొట్టు, చంకలో తోలుబ్యాగు, బుగ్గన కిళ్ళీతో ఒక లేబర్ ఇన్‌స్పెక్టర్ దిగాడు. నడుముకి పేజర్. పెన్నులో కెమెరా. పిస్తోలు మాత్రం లేదు, బ్యాగు వెతుకుతారని చీఫ్ ఒప్పుకోలేదు.

“ఇన్‌స్పెక్టరుగారొచ్చారహో!” అని లోపల కేక వినపడింది. ఆ వెంటనే పరుగుల చప్పుడు. పీలింగ్ షెడ్డు అవతల రేకు తలుపు కిర్రుమంది.

ఉదయ్ చెవులు రిక్కించాడు. ఆ పరుగుల్లో అప్పాజీ కాళ్ళు కూడా ఉన్నాయా?

సూపర్‌వైజర్ బుల్లియ్య చెమటలు కక్కుకుంటూ ఎదురొచ్చాడు. ఈ గూఢచారుల గొడవ ఆ అమాయకుడికి ఏమీ తెలీదు. “దయచెయ్యండి సార్! కొబ్బరిబొండం తాగుతారా, కూల్ డ్రింకు తెప్పించమంటారా? ముందు ఆఫీసులో కూర్చుందురుగానండి.”

“ముందు మస్టర్ రోల్ తెండి. షెడ్డులోనే చూస్తాను.”

షెడ్డు నిండా రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు. ఆ నీచు వాసన మధ్యలో ఉన్నట్టుండి ఖరీదైన సెంటు గుప్పుమంది. దేవకుమారి వచ్చింది. నీలంరంగు షిఫాన్ చీర, నల్లకళ్ళద్దాలు, ఎత్తుమడమల చెప్పులు. ఆ తడినేల మీద అలా నడవగలిగితే సర్కస్‌లో కూడా నడవొచ్చు.

“నర్సాపురం లాంచీ ఎన్నింటికండీ?” అని అడిగాడు ఉదయ్, తాపీగా.

“పోటు వస్తేగానీ కదలదండీ,” అంది ఆమె. కోడ్ సరిపోయింది.

ఆమె వెనకే లోరెంజ్. పొడుగ్గా, ఎర్రగా, ఒక్క మాట మాట్లాడకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు. అతని చూపు మాటిమాటికీ ముందు గేటు దగ్గరున్న కంటైనర్ లారీ వైపు పోతోంది.

బుల్లియ్య రెండు చేతులతో మోసుకొచ్చి మస్టర్ రోల్ బల్ల మీద పెట్టాడు. అట్టబైండు పుస్తకం, పిండిరుబ్బే రాయంత బరువు. అదే క్షణంలో ఉదయ్ నడుము దగ్గర పేజర్ వణికింది. కిందికి చూశాడు.

‘బయట చాలామంది. పులస లేదు.’

పులస అంటే అప్పాజీ. ఉదయ్ గబగబా పేజీలు తిప్పాడు. ఉంది. తడి ఆరని సిరాతో, అన్ని పేర్ల కింద ఇంకో పేరు. అప్పాజీ. పక్కన ఈ రోజు తేదీ కింద హాజరు గుర్తు.

దేవకుమారి రిజిస్టర్ చూపిస్తున్నట్టు వంగి, చెవిలో చల్లగా అంది. “రోల్స్‌లో ఉన్నవాణ్ణి బుల్లియ్య బయటికి పంపడండీ. మీ వ్యాను వాళ్ళని ఇంటికి పొమ్మనండి, పాపం ఎండగా ఉంది.”

ఇంటిదొంగ! ఉదయ్‌కి ఒళ్ళంతా మండిపోయింది. బయట కంటైనర్ ఫ్రీజర్ మోటార్ గుర్రుమంటోంది. అప్పాజీ అందులోనే ఉన్నాడు, అనుమానం లేదు. ఆ లారీ గేటు దాటితే వాణ్ణి ఇక ఈ జన్మకి చూడడు.

ఏం చెయ్యాలి? ఏం చెయ్యాలి? అతని కళ్ళు మళ్ళీ రిజిస్టర్ మీద పడ్డాయి. పేరు, హాజరు. అంతే, కిళ్ళీ ఉమ్మేసి గొంతు సవరించుకున్నాడు.

“అప్పాజీ ఎవరు?” షెడ్డంతా మారుమోగేలా అరిచాడు. “హాజరు వేశారు. మనిషి కనపడటంలేదు. తీసుకొచ్చి నా ఎదురుగా నిలబెట్టండి!”

దేవకుమారి పెదవుల మీద నవ్వు ఆగిపోయింది. ఇది ఆమె అనుకోలేదు. రోల్స్‌లో లేనివాణ్ణి దాచాలి, నిజమే. కానీ ఉన్నవాణ్ణి చూపించాలి. మద్రాసు నుంచి దిగిన మనిషి, సంతకాలే తప్ప ఒక్క ఇన్‌స్పెక్షన్‌లోనూ షెడ్డులో నిలబడి ఎరగదు.

“ఇప్పుడే తీసుకొస్తాను,” అని గబగబా వెళ్ళి, ఒక కుర్రకూలీని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. “ఇతనే అప్పాజీ.”

ఆ కూలీ బిక్కమొహం వేశాడు. రొయ్యలు ఒలుస్తున్న రత్నమాణిక్యం చేతిలో రొయ్య వదిలేసి గొల్లుమంది.

“ఇదేటండీ బాబూ! ఈడు అప్పాజీ ఏటి? ఈడు ఏసురాజు! మా ఆడపడుచు కొడుకండీ!”

“ఆయ్, అవునండి, నేను ఏసురాజునేనండి,” అన్నాడు వాడు. షెడ్డంతా నవ్వులే నవ్వులు.

లోరెంజ్ మొహం కందగడ్డయింది. ఇక నాటకం చాలనుకున్నాడు. చిటిక వేసి, “గార్డ్స్!” అని అరిచాడు.

ఎవరూ రాలేదు.

“గార్డ్స్!”

బుల్లియ్య చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. “వాళ్ళు లేరండి. మొదట్నుంచీ ఆ తుపాకులోళ్ళు రోల్స్‌లో లేరు కదండీ. ఇన్‌స్పెక్టరుగారొస్తే లేనోళ్ళందర్నీ వెనక గేటులోంచి పంపెయ్యమని దొరగారే కదండీ ఆర్డరేశారు? అందరికన్నా ముందు వాళ్ళనే పంపించేశానండి.”

వెనక వ్యానులో చిక్కిన ‘చాలామంది’ ఎవరో ఉదయ్‌కి అప్పుడు తెలిసింది. నవ్వడానికి మాత్రం టైము లేదు. లోరెంజ్ లారీ వైపు పరుగెత్తాడు. ఒక్క గెంతులో డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి తడిమాడు. ఇంకోసారి తడిమాడు.

“తాళం డ్రైవరు దగ్గరుంటదండి,” అని బుల్లియ్య దూరం నుంచే మర్యాదగా చెప్పాడు. “అతనూ బయటి మనిషేనండి. పంపించేశాను.”

లోరెంజ్ కిందికి దూకాడు. ఈసారి అతని చేతిలో పిస్తోలు ఉంది. దాన్ని కంటైనర్ రేకుకి ఆనించాడు.

“ఇంకొక్క అడుగు వేస్తే మీ మనిషి పోతాడు!”

ఉదయ్ చేతిలో పిస్తోలు లేదు. ఉన్నది షెడ్డులోంచి పట్టుకుని పరుగెత్తుకొచ్చిన మస్టర్ రోల్ ఒక్కటే. రెండు చేతులా ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. చట్టం అడిగే సమాచారమంతా నిండుగా రాసి ఉన్న ఆ పుస్తకం తిన్నగా వెళ్ళి లోరెంజ్ మణికట్టు మీద పడింది. పిస్తోలు ఆకాశంలోకి పేలి ఎగిరిపోయింది. రెండో క్షణంలో ఉదయ్ అతని మీద ఉన్నాడు. మూడో క్షణంలో రత్నమాణిక్యం బృందం అంతా లోరెంజ్ మీద ఉంది, ఎందుకో వాళ్ళకే తెలీదు.

గొళ్ళెం తీసి తలుపు లాగితే తెల్లటి చలిపొగ బయటికి వచ్చింది. రొయ్యల పెట్టెల మధ్య, కాళ్ళూ చేతులూ కట్టేసి, పెదాలు నల్లబడిపోయి అప్పాజీ. అతని తల కింద మ్యాపుల గొట్టం.

“ఒరేయ్! ఒరేయ్ అప్పాజీ!”

కనురెప్పలు కదిలాయి. ఉదయ్ వాణ్ణి గుండెలకి హత్తుకుని, సఫారీ కోటు విప్పి కప్పాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. పొద్దున్నుంచి కుదురుగా ఉండని అతని కాళ్ళు అప్పటికి ఆగాయి.

“ముందు... ఆ తలుపు మూయరా,” అన్నాడు అప్పాజీ వణుకుతూ. “సరుకు పాడైపోద్ది.”

“చావలేదుగానీ, పక్కా రొయ్యలోడివి అయిపోయావురా!”

ఆ సందడిలో ఎత్తుమడమల చెప్పులు ఎటు పోయాయో ఎవరూ చూడలేదు. బుల్లియ్య చూశాడు. “అమ్మగారు వెనక గేటువైపు వెళ్ళారండి.” వ్యాను వాళ్ళకున్న ఆర్డరు ఒక్కటే కాబట్టి, ఆమె తలుపు దాటగానే రెండు చేతులు ఆమెని కూడా మర్యాదగా లోపలికి ఎక్కించుకున్నాయి.

అంబులెన్సు వచ్చి అప్పాజీని తీసుకెళ్ళింది. ఉదయ్ కూడా ఎక్కబోతుంటే బుల్లియ్య ఒక పుస్తకం, పెన్నూ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

“సార్, ఇన్‌స్పెక్షన్ బుక్కండి. రిమార్క్స్ రాయకుండా వెళ్ళిపోతే రేపు మళ్ళీ ఎవరైనా అడుగుతారండి.”

ఉదయ్ ఒక్క క్షణం ఆలోచించాడు. ఇలాంటివి దొంగ ఇన్‌స్పెక్టర్ రాసినా, రాసింది నిజమైతే తప్పులేదనిపించింది. అంబులెన్సు మెట్టు మీద కూర్చుని, గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు.

‘హాజరు వేసిన కార్మికులందరినీ స్వయముగా చూచితిని.’