అలక చుక్క

"కాకరకాయ చెక్కు తియ్యకుండా వండితే దాన్ని కూర అనరు, కషాయం అంటారు," అంది హిమబిందు.

"సారమంతా చెక్కులోనే ఉంటుంది పెద్దమ్మా," అంది సంహిత, కాయల్ని వంటయంత్రం నోటికి అందిస్తూ.

"ఉంటుందమ్మా, ఉంటుంది. ఆ సారమేదో నువ్వూ మీ ఆయనే తినండి. నాకు పెరుగన్నం చాలు. రేపట్నుంచి అదీ వద్దు."

డెబ్భై ఆరేళ్ళ హిమబిందు చేతికర్ర అయినా లేకుండా చరచరా నడిచి తన గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు వేసుకోలేదు. జానెడు సందు వదిలింది.

సంహిత గడియారం చూసింది. ఏడు కావస్తోంది. సముద్రం నడుమ తను పనిచేసే ల్యాబుకు వెళ్ళే ఏడుంపావు పడవ ఇవాళ కూడా తప్పిపోయినట్టే. ఈ వారంలో ఇది నాలుగోసారి. వారం మొదలై నాలుగు రోజులే అయింది. నిట్టూర్చి, చెయ్యి తుడుచుకుని గదిలోకి వెళ్ళింది. మంచం చివర కూర్చుని పెద్దమ్మ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. బతిమాలగా బతిమాలగా ఆవిడే, కాలేజీలో తను నాటకం వేసి మాటలు మరిచిపోయిన కథ మొదలెట్టింది. నలభై నిమిషాలు గడిచేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు. సంహిత ఎనిమిది గంటల పడవకు పరుగెత్తింది.

అది 2069. కాకినాడలో మందుబిళ్ళ మింగే మనిషి కనపడటం అరుదైపోయిన కాలం. పుస్తకాల్లో 'ఔషధ బీజం' అని రాస్తారు గానీ జనం దాన్ని గింజ అంటారు. నువ్వుగింజంతే ఉంటుంది. మెడ ఎముక కింద, చర్మం లోపల పెడతారు. దానిలో తొమ్మిది అరలు. అది అస్తమానం రక్తాన్ని రుచి చూస్తూనే ఉంటుంది. ఏది తగ్గిందో, ఏది మించిందో పోల్చుకుని, ఆ రక్తంలోని ముడిసరుకుతోనే మందు తయారుచేసి, కంటికి ఆనని చుక్కలుగా వదులుతుంది. ఎంత, ఎప్పుడు అని ఎవరూ చెప్పనక్కరలేదు. పెట్టిన ఒంటిని చూసి తనే నేర్చుకుంటుంది. పదకొండేళ్ళుగా గింజలు తయారుచేస్తున్నా, సూదిమొన మీద ఒకదాన్ని చూసినప్పుడల్లా సంహితకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

తల్లి పోయాక తొమ్మిదో ఏటి నుంచి తనను పెంచింది హిమబిందే. కిందటేడు ఫాల్గుణానికి ఆవిడ గుండె ఎంత నీరసించిందంటే మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేకపోయేది. గింజ పెట్టిన నాలుగో రోజున గోడ పట్టుకోకుండా వంటింట్లోకి వచ్చి, "కాఫీ నేను కలుపుతాను, జరుగు," అంది. ఆ గింజకు నమూనా గీసి, కూర్చి, పరీక్షించిన సంహితే ఆ పూట తన కళ్ళను తాను నమ్మలేకపోయింది.

ఇవాళ ఆ గింజకు ఏడాది పఠనం. గింజ తన జ్ఞాపకాలను రసాయనాల్లో దాచుకుంటుంది. వాటిని చదివి మనుషుల మాటల్లో చెప్పే యంత్రానికి దుబాసీ అని సంహితే పేరు పెట్టింది.

"హిమబిందు గారి గింజ నియమం తప్పిందండి," అంది దుబాసీ. "మూడో అరలోని ఉత్తేజకాన్ని గుండె ఆగబోతేనే వాడాలి. ఇది ఎనభై ఏడు సార్లు వాడింది. అన్నిసార్లూ గుండె బాగానే ఉంది."

సంహిత కుర్చీ లాక్కుని కూర్చుంది. అకారణంగా మందు వదిలిన గింజను మూడు రోజుల్లో తీసెయ్యాలి. ఆ నియమం రాసినవాళ్ళలో తనూ ఒకతె. తీసేస్తే పెద్దమ్మ మళ్ళీ మంచం మీదికే. ఆ తర్వాత ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేరు.

"ఎప్పుడెప్పుడు వదిలింది?"

"నాలుగు నెలలుగా. ఉదయం ఆరూ నలభైకి, ఒకే ఒక్క చుక్క. నాడి వేగం పెరుగుతుంది, చిరాకు పుట్టించే హార్మోను లేస్తుంది. కాసేపటికి దిగిపోతుంది. ఆ తర్వాత జరిగేదే నాకు అంతుపట్టడం లేదండి. రక్తం తేటపడుతుంది. సాయంత్రం దాకా గుండె మందు సగమే సరిపోతుంది. ఆ మేలు చేసిన మందు మాత్రం ఏ అరలోంచీ పడలేదు."

"అసలు వదలని రోజులున్నాయా?"

"ఆదివారాలు. పండగ సెలవులు. జ్వరమొచ్చి మీరు ల్యాబుకు రాని నాలుగు రోజులు."

అన్నీ తను పొద్దున్నే ఇంట్లో ఉన్న రోజులే. సంహిత కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అది అలక," అంది.

"నా నిఘంటువులో అలక కోపం కిందే ఉందండి."

"తప్పు. దిద్దుకో. కోపమొస్తే తలుపు వేసుకుంటారు. అలిగినవాళ్ళు ఓరగా తెరిచి ఉంచుతారు, ఎవరైనా వచ్చి బతిమాలాలని."

దుబాసీ ఆ మాట దిద్దుకుంది. "మరి ఆ తర్వాత పడుతున్న మందు?"

"నేను," అంది సంహిత.

గింజకు కళ్ళు లేవు, చెవులు లేవు. పెద్దమ్మ ఎవరో, సంహిత ఎవరో తెలియదు. రక్తం రుచి ఒక్కటే పట్టుకుని, తన తొమ్మిది అరల్లోనూ లేని మందు ఈ ఒంటి బయట ఎక్కడో ఉందని అది కనిపెట్టింది. దాన్ని లోపలికి రప్పించే దారి కూడా కనిపెట్టింది.  తను చేసిన వస్తువు ముందు సంహితకు చేతులు జోడించాలనిపించింది. వెంటనే గొడవల్లేని ఉదయాలు గుర్తొచ్చాయి. గుమ్మంలోంచే "టిఫిన్ తిన్నావా పెద్దమ్మా" అని, జవాబు వినకుండా చెప్పులేసుకున్న ఉదయాలు.

"తీసెయ్యమని రాయమంటారా?"

"నియమంలో ఇంకో మాట ఉంది. కారణం తెలిస్తే, సరిదిద్దుకోవడానికి ఏడు రోజుల గడువు."

"ఆ ఏడు రోజుల్లో ఒక్క చుక్క పడినా తీసెయ్యాలండి. మూడో అర మూసేస్తారా?"

"మూసేస్తే, నిజంగా గుండె ఆగబోయిన రోజున ఏం చేస్తుంది? తెరిచే ఉండనీ."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర సంహిత జరిగిందంతా ఏదీ దాచకుండా చెప్పింది. ఆమె భర్త ప్రణీత్ పప్పు వడ్డిస్తూ నవ్వాడు. "అయితే రోజూ పొద్దున్నే తగాదా పెట్టేది మీరు కాదన్నమాట పెద్దమ్మగారూ. పాపం, ఇన్నాళ్ళూ మిమ్మల్ని అనుమానించాను."

హిమబిందు నవ్వలేదు. మజ్జిగలో ఉప్పు వేసుకుని నెమ్మదిగా కలుపుకుంది.

"ఆ చుక్కలు ఎప్పుడు మొదలెట్టిందన్నావే?"

"కార్తీకంలో."

"గింజ పెట్టింది ఫాల్గుణంలో. మధ్యలో ఎనిమిది నెలలు నీతో పోట్లాడింది ఎవరనుకున్నావ్?"

హిమబిందు ఒక్కొక్కటీ వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"దుప్పటి మడత బాగోలేదన్నాను. ఫ్యాను చప్పుడు చేస్తోందన్నాను. పోట్లాడితే వచ్చి కూర్చునేదానివి, లేకపోతే గుమ్మం దాకానే. కార్తీకంలో నాకే సిగ్గేసింది, ఈ వయసులో ఇదేం బుద్ధి అని మానుకున్నాను. నేను మానిన పని అది అందుకుంది." హిమబిందు మెడ కింద, గింజ ఉన్న చోట వేలితో తడుముకుంది. "దాన్నేం అనకే. అది నా దగ్గరే నేర్చుకుంది."

సంహిత కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. యంత్రం మనిషిని దాటిపోయిందని పొద్దుట్నుంచీ అబ్బురపడుతూ ఉంది. అది ఒక ముసలి ప్రాణం పక్కన ఎనిమిది నెలలు బుద్ధిగా కూర్చుని పాఠం నేర్చుకుందన్నమాట. అదే ఇంట్లో ఉండి తను నేర్చుకోలేదు.

"రేపట్నుంచి నేను తొమ్మిది గంటల పడవకు వెళ్తాను," అంది. "ల్యాబులో రాసిచ్చి వచ్చేశాను. పొద్దున్న గంటసేపు నీ గదిలోనే ఉంటాను, నువ్వు పోట్లాడినా, పోట్లాడకపోయినా. ఈ ఏడు రోజులకే కాదు పెద్దమ్మా, ఎప్పటికీ. ఇక మీదట చుక్క పడితే దాన్ని గింజ తప్పు కింద కాదు, నా తప్పు కింద రాయమని దుబాసీకి చెప్పాను."