ఎనిమిది వందల ఛానల్

మూడేళ్లుగా తమ టీవీలో రాదనుకున్న ఆటల ఛానల్ మూడేళ్లుగా వస్తూనే ఉందనీ, దానికి ఇంట్లోవాళ్లే ఎవరో తాళం వేశారనీ తెలిసిన క్షణాన మోతీబాయి చేతిలోని ఎనిమిది వందల రూపాయలు జారి నేల మీద పడ్డాయి.

ఉదయం ఎనిమిది గంటలు. గూడూరు దగ్గరి తండా. మిరపతోటలకు కూలీలను తీసుకుపోయే ట్రాలీ అప్పుడే కదిలింది. మోతీబాయి ఇవాళ పనికి పోలేదు. కొడుకు సురేందర్ గూడూరు సెంటర్‌కు ఆటో తీసుకుని వెళ్లేదాకా ఆగి, డిష్ మెకానిక్ మహీధర్‌ను పిలిపించింది.

"ఎనిమిది వందలు దేనికక్కా?" అన్నాడు మహీధర్ రిమోట్ పక్కన పెట్టి.

"ఆటల ఛానల్‌కు. కూలి పైసలన్నీ కొడుకు చేతికే పోతయ్, ఈసారి మూడు రోజులు మిరపకాయ ఏరినయి దాచి తెచ్చిన. పొద్దూకంగ కబడ్డీ మొదలైతదట కద తమ్మీ. అప్పటిదాక వచ్చేటట్టు చెయ్యి."

మహీధర్ నవ్వాడు. "ఎనిమిది వందలని ఎవడు చెప్పిండు? ఈ కబడ్డీ వచ్చే ఛానల్ ఒక్కటి విడిగా కొంటే నెలకు పంతొమ్మిది రూపాయలు. పన్నుతో ఇరవై రెండు చిల్లర. ఆ ధర ఛానలోళ్లే పెడుతరు, మా డిష్షోళ్లకు పెంచే హక్కు లేదు. క్రికెట్‌ది, ఫుట్‌బాల్‌ది అన్నీ కట్టగట్టి ప్యాక్ అని అంటగడితేనే బిల్లు పెరుగుతది. నీకు ఒక్క ఛానల్ చాలు కద!"

"ఇరవై రెండు రూపాయలా?"

"అవి కూడ కట్టే ఉన్నయక్కా. నీ కార్డు మీద ఈ ఛానల్ మూడేండ్ల సంది నడుస్తాంది. నెల తప్పలే. తెరిస్తె నాలుగు గళ్లు కనబడుతున్నయి చూడు. ఇది పైసలు అడుగుడు కాదు. తాళం. నాలుగు అంకెలు కొడితేనే తెరుచుకుంటది. ఎవరో కావాల్నని పెట్టిన్రు."

అప్పుడే ఆమె చేతిలోని నోట్లు పడిపోయాయి.

ఆ నాలుగు గళ్లనూ, వాటి కింది ఎర్ర అక్షరాలనూ మోతీబాయి మూడేళ్లుగా చూస్తోంది. చదువు రాదు. 'ఎనిమిది వందలు కట్టమంటాంది' అని సురేందర్ చదివి చెబితే నమ్మింది. మొదటి రోజు ఊరికే చూపించి, అలవాటు చేసి, ఆ తర్వాత పైసలు అడుగుతారని కూడా అతనే చెప్పాడు.

ఆ ఛానల్‌లో ఆమె కూతురు ఉంది.

నీలికి పెళ్లి సంబంధం కుదిర్చి తండ్రి వాల్యా మాట ఇచ్చేశాడు. మాటలు అయిన మూడో రోజు నీలి మహబూబాబాద్ స్టేషన్‌లో రైలెక్కి మహిళల కబడ్డీ లీగ్ ఎంపికలకు వెళ్లిపోయింది. వాల్యా కోపంతో భార్య చేయి తన తల మీద పెట్టించుకున్నాడు. "దానితోని ఒక్క మాట మాట్లాడినవా, నా పీనుగను చూస్తవ్. ఒట్టు వెయ్." మర్నాటి నుంచి మాట్లాడనని మోతీబాయి ఒట్టు వేసింది.

ఆ రాత్రే ఫోన్‌లో ఆఖరిసారి మాట్లాడినప్పుడు, తల్లిని యాడీ అని పిలిచే నీలి ఒట్టు సంగతి విని ఒక ఉపాయం చెప్పింది. "యాడీ, కూత పెట్టి వచ్చినంక నా ఎడమ చెవు పట్టుకుంట. అది నీకు. చూస్తె ఒక్క మిస్డ్ కాల్ ఇయ్యి. మిస్డ్ కాల్ అంటే మాట్లాడినట్టు కాదు కద!"

మొదటి రోజు మోతీబాయి చూసింది. మిస్డ్ కాల్ ఇచ్చింది. తెల్లవారి ఛానల్ పోయింది. చూడకుండా కాల్ ఇస్తే బిడ్డకు అబద్ధం చెప్పినట్టవుతుందని మళ్లీ ఎన్నడూ ఇవ్వలేదు. ఒకసారి మహబూబాబాద్‌లో టీవీల షాపు ముందు నిలబడి చూడబోతే, అమ్మేవాడు గిరాకీకి అడ్డమని నీళ్ల బకెట్ పట్టుకుని అదిలించాడు. ఆ రోజు ఆమెను ఆటోలో అక్కడికి తీసుకువెళ్లింది సురేందరే.

మోతీబాయి వంటింటి వైపు తిరిగింది.

"శోభా! ఇటు రా!"

కోడలు శోభ చేతికి పిండితోనే వచ్చింది.

"తాళం నువ్వే పెట్టినవ్. నా కొడుకు గాక ఈ ఇంట్ల అక్షరం ముక్క వచ్చింది నీకే. నా బిడ్డ టీవీల కనబడితె నీకు కండ్ల మంట."

"నేను పెట్టలేదత్తమ్మా."

"అబద్ధం! కడుపు పండనిదానికి బిడ్డ మీద ప్రేమంటే ఏమెరుక? పో, చెల్పూర్ పోయి మీ నాయిన ఇంట్ల కూసో."

మహీధర్ తల దించుకుని వైర్లు సర్దుకోసాగాడు. శోభ చేతుల పిండి దులుపుకుంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

"అది తాళమని మొదటి ఏడే చదివిన. చదివినట్టు చెప్పొద్దన్నరు. చెప్తె చెల్పూరే పంపుతనన్నరు. ఇప్పుడు మీరు కూడ అదే మాటన్నరు. మంచిగున్నది."

"ఎవరన్నరు?"

శోభ వంగి నేల మీద రాలిన పిండి తుడవసాగింది. మోతీబాయి చూపు మూలన మంచం మీద పడుకుని అంతా వింటున్న వాల్యా మీదికి వెళ్లింది.

"నాదిక్కు చూస్తవేందే?" అన్నాడు వాల్యా. "దాని మొఖం చూడనన్న మాట నిజం. అంకెలు కొట్టుడు నాకొస్తదా? సౌండ్ పెంచుడు తప్ప ఆ రిమోట్‌ల నాకేం ఎరుక? నెలనెల రీచార్జి చేసేది నా కొడుకు. వాణ్ని అడుగు."

"నీ కొడుకు కాదు పెద్దమనిషీ," అన్నాడు మహీధర్ ఫోన్ చూస్తూ. "పైసలు వేరే నంబర్ నుంచి పడుతున్నయి. ఈ డిష్ కూడ ఆ నంబర్ మీదనే ఉన్నది. తాళం తీయాల్నంటే కోడ్ దానికే పోతది. అడిగి చూస్త."

బయట ఆటో ఆగిన చప్పుడు. గిరాకీ దొరక్క సురేందర్ తిరిగి వచ్చాడు. గుమ్మంలోకి అడుగుపెడుతూనే మహీధర్‌ను, టీవీలో నాలుగు గళ్లను, నేల మీది నోట్లను చూశాడు. ఎడమ చేతిని జేబులో పెట్టుకున్నాడు. ఆ చేతి చూపుడు వేలు సగమే ఉంటుంది. ఆటో తలుపులో పడి నలిగిందని ఇంట్లో అందరికీ తెలుసు.

"ఆ నంబర్ పాతది అన్నా. పని చేస్తలేదు. ఫోన్ చెయ్యకు," అన్నాడు.

కానీ మహీధర్ అప్పటికే నొక్కేశాడు. స్పీకర్‌లో రెండుసార్లు మోగింది.

"హలో?"

ఒక్క మాటకే మోతీబాయి గోడ పట్టుకుంది. నీలి గొంతు. మూడేళ్లకు.

"మేడమ్, గూడూరు నుంచి డిష్ మెకానిక్‌ను. మీ నంబర్ మీదున్న డిష్‌ల కబడ్డీ ఛానల్‌కు ఎవరో తాళం పెట్టిన్రు. కోడ్ వస్తది, జర చెప్తరా?"

"తాళమా? అదొద్దన్నా. ఆ ఛానలే తీసెయ్యి. నేనే చెప్దామనుకుంటున్న. అక్కడ ఎవరికి దాని అక్కర లేదు."

"అక్కర లేదని మీకెట్ల తెలుసు?"

"మా యాడి చూస్తదని పెట్టిచ్చిన. జిల్లా పోటీల్ల గెలిచిన పైసలతోని ఆ డిష్ కొన్న. మొదటి రోజు మిస్డ్ కాల్ ఇచ్చింది. అంతే. మా అన్నను అడిగితె, 'చూస్తది గని నీకు ఫోన్ చెయ్య మనసొస్తలేదట' అన్నడు. పోయినేడు మోకాలు విరిగింది. స్ట్రెచర్ మీద పండబెట్టి తీసుకపోతుంటె కూడ చెవు పట్టుకున్న. గదన్న చూసి ఒక్క మిస్డ్ కాల్ ఇస్తదనుకున్న. దవాఖానల పదకొండు రోజులు ఫోన్ చేతిలనే పట్టుకొని పన్న."

మోతీబాయి నోరు తెరిచింది. ఎదురుగా వాల్యా తల కనిపించింది, తాను చేయి పెట్టి ఒట్టు వేసిన తల. నోరు మూసుకుంది.

"ఇప్పుడు ఎక్కడున్నరు మేడమ్?" మహీధర్ గొంతు తగ్గింది.

"జనగామల. హాస్టల్ పిల్లలకు ఆట నేర్పుతున్న. ఇగ నేను ఆడలేను. మీరు తాళం తీసినా అందుల నేను కనబడ."

జనగామ. రెండు గంటల రైలు ప్రయాణం. బిడ్డ ఏ ఢిల్లీలోనో, బొంబాయిలోనో పెద్దదైపోయి తనను మరిచిందని మోతీబాయి ఇన్నాళ్లూ తండాలో ఆడవాళ్లతో చెప్పుకుని ఏడ్చింది.

ఆమె బొడ్లో నుంచి చిన్న ఫోన్ తీసింది. ఒక్క మీట నొక్కి, చెవి దగ్గర పెట్టుకోకుండా గుండెకు ఆనించుకుంది.

స్పీకర్‌లో నీలి మాట ఆగింది. "ఆగన్నా, ఇంకో ఫోన్ వస్తాంది..." మోతీబాయి తన ఫోన్ కట్ చేసింది.

"యాడీ?" అంది నీలి. "అక్కడ్నే ఉన్నవా? ఇప్పుడు ఏం చూసినవని ఇచ్చినవ్? ఆట అయిపోయినంక ఇస్తరా?"

మోతీబాయి కళ్లు తుడుచుకోబోయింది. మూడు రోజుల మిరపకాయల కారం ఇంకా వేళ్లలోనే ఉంది. కళ్లు భగ్గుమన్నాయి. అరవలేదు.

మంచం మీద వాల్యా లేచి కూర్చున్నాడు. తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఒట్టు తీసేస్తున్ననే మోతీ," అన్నాడు. "నేను సస్తె సచ్చిన. మాట్లాడు."

"నీలీ..." మూడేళ్ల మాటల్లో ఆమెకు దొరికినవి కొన్నే. "నేను చూడలే బిడ్డా. నువ్వు పడ్డది నేను చూడలే. నాకు చూపియ్యలే."

"ఎవరు?" నీలి గొంతు మారిపోయింది. "ఎవరు చూపియ్యలే? తాళం ఎవరు పెట్టిన్రు?"

శోభ భర్త వైపు కూడా చూడలేదు. సురేందర్ గుమ్మం దిగి వెళ్లిపోతాడని అందరూ అనుకున్నారు. అతను వెళ్లలేదు. జేబులోంచి ఎడమ చేయి బయటికి తీసి, టీవీ పక్కనున్న ఫోన్ దగ్గరికి వచ్చాడు.

"నేనే చెల్లె. తాళం నేనే పెట్టిన. శోభ నోరు మూపిచ్చింది నేనే. యాడిని టీవీల షాపు ముంగట నిలబెట్టింది కూడ నేనే. వాడు తరుముతడని నాకు ఎరుకే. నువ్వు పడ్డప్పుడు నా ఫోన్ల చూసిన. చెవు పట్టుకున్నవ్. యాడి పక్క అర్రల రొట్టెలు కాలుస్తాంది. పిలిస్తె వచ్చేది. పిలవలే.

"మొదటి రోజు నీకేం తెలుసు, నువ్వు టీవీల ఉన్నవ్. నేను గడ్డి కోసే మిషన్ల ఏలు పెట్టుకున్న. ఆటో తలుపు అన్నది అబద్ధం. సగం ఏలు అక్కడ్నే పడ్డది. అంగీ చుట్టుకొని ఉరికొచ్చి గీ గడపల నిలబడి 'యాడీ' అన్న. యాడి తల తిప్పలే. 'జర ఆగురా, నీలి కూతకు పోతాంది' అన్నది. ఆగిన. నువ్వు ముగ్గురిని కొట్టి వచ్చినవ్. యాడి నవ్వింది. నేను పుట్టిన సంది యాడి అట్ల నవ్వంగ చూడలే. నువ్వు చెవు పట్టుకున్నవ్, యాడి ఫోన్ తీసింది. అప్పటిదాక నా నెత్తురు గడప మీద పడుతనే ఉన్నది. నేను మల్లిపోయి ఒక్కణ్నే ఆటో తోలుకుంట దవాఖానకు పోయిన. పొద్దుగాల గడప కడుగుకుంట యాడి అడిగింది, కోడిని ఎవరు కోసిన్రని.

"యాడీ, ఎనిమిది వందలు ఎక్కన్నుంచి వచ్చినయని నువ్వెన్నడు అడగలే. ఆ దినం నా ఏలుకు కుట్లేసి ప్రైవేటు దవాఖానోడు తీసుకున్న పైసలు గవి. నీలిని నువ్వొక్క దినం చూసినందుకు నేను కట్టిన ధర. అదే నీకు చెప్పిన."