బయటినుంచి తాళం

పొద్దున్నే టీ పెట్టి, అక్క కిటికీ తెర కాస్త జరిపి వీధిలోకి తొంగి చూసింది. వెంటనే మూసేసింది. ఆమెకు బయటి ప్రపంచంతో ఉన్న సంబంధం అంతే. చెల్లి ఈ దేశం వచ్చి నెల దాటింది. ఆమెకూ అంతే మిగిలింది.

పర్మనెంట్ రెసిడెంట్ కార్డు చేతికొచ్చిన రోజు చెల్లి ఎంత మురిసిపోయిందో! సొంతూళ్ళో బ్యూటీ పార్లర్ నడిపిన మనిషి. ఆమె దారం పట్టి కనుబొమలు తీర్చిందంటే ఇక వంక పెట్టే పని లేదు. అలాంటిది ఇక్కడ టీవీ ముందు కూర్చుని గోళ్ళు గిల్లుకుంటోంది. బావ లారీ డ్రైవరు, సోమవారం వెళితే శుక్రవారం వస్తాడు. ఈలోగా గడప దాటుతానంటే చాలు, అక్క గుండెలు బాదుకుంటుంది. దారి తప్పుతావంటుంది, బావ వచ్చాక కార్లో వెళదామంటుంది. అది ప్రేమే, కాదనలేం. ఆ ప్రేమలో చెల్లికి ఊపిరాడటం లేదు.

ఇంతలో ఫోన్ మోగింది. చెల్లి పని అడిగిన బజారు సెలూన్ యజమానురాలు, తెలుగావిడే. జ్వరం తగ్గిందా అని అడిగింది. ఇవాళైనా వచ్చి పని చేసి చూపించకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానంది.

చెల్లి వంటింట్లోకి వెళ్ళింది.

"నాకు జ్వరమని చెప్పావా అక్కా?"

అక్క గ్లాసు కడుగుతూనే ఉంది.

"నిన్నే! కడిగిందే ఎన్నిసార్లు కడుగుతావు?"

"ఆ ఉద్యోగం నీకెందుకే? తిండికేమన్నా తక్కువ చేశానా?"

"పర్మనెంటంటే ఈ దేశంలో అనుకున్నాను గానీ, నీ సోఫాలో అనుకోలేదక్కా!"

"బస్సు మారాలే. నీకేం తెలుసు?"

"నీకు తెలుసుగా, ఇన్నేళ్ళుగా ఉన్నావు. ఏ బస్సెక్కాలో చెప్పు."

అక్క కొళాయి కట్టేసింది.

"తెలీదు."

"తెలీకపోవడమేంటి?"

"తెలీదంటే తెలీదే!" గ్లాసు సింకులో పడేసి అక్క భోరుమంది. "వచ్చిన కొత్తల్లో ఒక్కసారి ఎక్కాను. ఎక్కడ దిగాలో తెలీక చివరిదాకా పోయాను. డ్రైవరేదో అడిగితే నోరు పెగల్లేదు. అందరూ నన్నే చూశారు. మీ బావొచ్చి తీసుకొచ్చారు. మళ్ళీ ఒక్కదాన్నీ బయటికెళ్ళలేదు. నువ్వొస్తే తోడుంటావని ఆశపడ్డానే. నువ్వూ వెళ్ళిపోతే మళ్ళీ నేనూ, ఈ గోడలూ!"

చెల్లికి కోపం పోలేదు. అయినా అక్క చెయ్యి తుడిచి, పట్టుకుంది.

"తోడుంటానక్కా. నీతోపాటు మూల కూర్చోమంటే మాత్రం నావల్ల కాదు. చెప్పులేసుకో."

"నేనా?"

"నేనొక్కదాన్నీ తప్పిపోతానన్నావుగా. ఇద్దరం కలిసి తప్పిపోదాం, పద."

వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ, బస్సు మారి ఎలాగో సెలూన్ చేరారు. దారి పొడుగునా అక్క చెల్లి మణికట్టు వదల్లేదు. చెల్లి ఇద్దరు కస్టమర్లకు కనుబొమలు తీర్చేసరికి యజమానురాలి ముఖం విప్పారింది. సాయంత్రందాకా ఉండమంది.

చెల్లి అక్కవైపు చూసింది. "అప్పటిదాకా ఇక్కడే కూర్చుంటావా?"

అక్క తలుపువైపు చూసింది. తర్వాత బ్యాగు భుజాన వేసుకుని లేచింది.

"ఇంట్లో బోలెడు పనుంది. వెళతాను."

"ఒక్కదానివా?"

"మాట్లాడించకే. మాట్లాడితే కాళ్ళాడవు నాకు."

అద్దాల తలుపులోంచి చూస్తుండగానే అక్క బస్సెక్కింది. చెల్లి చేతిలో దారం రెండుసార్లు తెగింది. ఇలాంటిదాన్ని ఒంటరిగా పంపానే అని తనను తాను తిట్టుకుంది. చివరికి ఫోన్ మోగింది. అటువైపు వెక్కిళ్ళు.

"అక్కా! తప్పిపోయావా? ఎక్కడున్నావ్?"

"మన గుమ్మం ముందే ఉన్నానే." అక్క మాట కూడదీసుకుంది. "ఎప్పుడూ మీ బావే తీస్తారు కదా. బయటినుంచి నా ఇంటి తాళం నేను తీయడం ఇదే మొదటిసారే."

చెల్లి కళ్ళు తుడుచుకుంది.

"తియ్యక్కా. వింటున్నాను."