అట్టడుగున పడిన హెచ్చరిక

కొత్త పేజీ తయారుచేసినవాడిని లిఫ్టులో చంపేశారు. తలుపులు తెరుచుకునేసరికి గోడకి ఆనుకుని కూర్చుని, ఇంకా ఏదో ఆలోచిస్తున్నట్టే ఉన్నాడట.

ఆ సంగతి చెప్పి చీఫ్ కంప్యూటర్ తెరని ఏజెంట్ పిల్లి వైపు తిప్పాడు. అడుగుల చప్పుడు వినబడనివ్వడు గనక డిపార్ట్‌మెంటులో అతనికి ఆ పేరు.

"ఏం కనబడుతోంది?"

"సాఫ్ట్‌వేర్ లోపాల హెచ్చరికలు సార్. అన్నీ ఒకే బూడిద రంగు. నంబరు, తేదీ. అంతే."

"ఆసుపత్రుల్లో వెంటిలేటర్లు నడిపే సాఫ్ట్‌వేర్‌లో కన్నం ఉంది. కిందటేడు 'స్వల్పం' అన్నారు. మొన్న 'అత్యవసరం'గా మార్చారు. కానీ ఈ పేజీ మొదటి తేదీనే పట్టుకు వేలాడుతుంది. ఇల్లంటుకుందని బోర్డు రాసి అటక మీద పడేసినట్టు, అది అట్టడుగునే ఉండిపోయింది. విదేశీ ముఠా ఈ సాయంత్రం ఆ కన్నంలోంచి వెంటిలేటర్లన్నీ ఆపేస్తుంది."

"ఫోన్లు చేసేద్దాం సార్!"

"ముఠావాళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. ఒక్క ఆసుపత్రి ముందు జాగ్రత్తపడినా, మిగతావి ఆ క్షణమే ఆపేస్తారు. నాలుగింటికి డ్యూటీ మారగానే ప్రతి టెక్నీషియనూ ఈ పేజీ తెరుస్తాడు. అందరూ ఒక్కసారే చూడాలి. నెట్ కేబుల్ పీకేస్తే చాలు, యంత్రం దానంతటది నడుస్తుంది."

పిల్లి జేబులోని ఫోన్ తడుముకున్నాడు. ఆపరేషనైన అక్క అలాంటి వెంటిలేటర్ మీదే ఉంది. అక్కడి టెక్నీషియన్ స్వయానా బావ.

"మీ అక్క సంగతి తెలుసు. అయినా ఫోన్ నీ దగ్గరే ఉంచుకో," అంటూ చీఫ్ ఒక కళ్లజోడు ఇచ్చాడు. "పోయినవాడు చేసిన పేజీ ఈ కాడలో ఉంది. అతనూ నేనూ తప్ప ఎవరూ చూడలేదు. హెచ్చరికల పేజీ నడిపే ఆఫీసులో మన మనిషి నెమలి ఉంది. నాలుగింటిలోపు దీన్ని ఎక్కించడానికి సాయం చేస్తుంది."

కళ్లజోళ్ల కంపెనీ మనిషి వేషంలో అదే లిఫ్టు ఎక్కాడు పిల్లి. చెయ్యి జేబులోకి పోయింది. ఒక్క మాట. 'బావా, కేబుల్ పీకు.' అక్క గట్టెక్కుతుంది. మరి మిగతా మంచాల మీద ఎవరెవరి అక్కలున్నారో! 'స్వామీ, అందరితోపాటే మా అక్కనీ చూడు. ఇది నమ్మకమో, గుండె రాయైపోవడమో నువ్వే తేల్చు,' అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ముందు సెంటు వాసన వచ్చింది. తర్వాత నెమలి వచ్చింది. పేజీ డిజైనంతా ఆమె చేతిలోనే ఉంది.

"కళ్లజోడు కొత్తదా?"

"చూపే పాతది." కోడ్ కుదిరింది.

"పాపం, ఆయన పేజీ మేమెవరం చూడనేలేదు," అంది కుర్చీ చూపిస్తూ. "అయినా ఇప్పుడున్నదానికేం? తెల్లగా, ప్రశాంతంగా ఉంది."

"ఏది ఎంత ప్రమాదమో పక్కనే ఉంటే తెలుస్తుంది కదా?"

"బాగుంది! పైన అంత ఎర్ర గడి పెడితే జనం హడలి చావరూ?"

పిల్లి చెయ్యి కళ్లజోడు కాడ మీదికి పోయింది. ఎర్ర గడి మాట తను ఎత్తనే లేదు.

నాలిక కరుచుకుంది నెమలి. మరుక్షణం ఆమె చేతిలోని లిప్‌స్టిక్‌లోంచి సన్నటి తుపాకీ గొట్టం బయటికొచ్చింది.

"అతన్ని చంపింది నువ్వేనా?"

"చంపాను. కానీ నేనేం దాచలేదు పిల్లీ. అన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి. చూసుకోకపోతే నా తప్పా?"

పిల్లి కళ్లు మూసుకుని కాడ మీద నొక్కాడు. అద్దాలు ధగ్గున మెరిశాయి. కళ్లు బైర్లు కమ్మి నెమలి పేల్చిన తూటా అతని భుజాన్ని చీరుకుపోయింది. బల్లని ఒక్క తోపు తోశాడు. ఆమె కింద పడగానే చెయ్యి పట్టి సంకెళ్లతో బల్లకాలికి బిగించేశాడు.

కాడ విరిచి ఆమె కంప్యూటర్‌కే గుచ్చాడు. నాలుగు కావడానికి నిమిషం కూడా లేదు. తెర మీద నీలం గీత పాకుతోంది. దానికన్నా నత్త నయం. సగంలో ఆగింది. 'స్వామీ!' కదిలింది. గోడగడియారం నాలుగు కొడుతుండగా పేజీ మారింది.

అన్నిటికన్నా పైన ఎర్ర గడి. 'అత్యవసరం. వెంటిలేటర్లు. మొన్న సవరించినది. వెంటనే నెట్ కేబుల్ పీకండి.'

ముఠా తేరుకుని మీట నొక్కేసరికి అవతల ఒక్క కేబులూ లేదు. చీఫ్ ఆ కబురు పంపిన కాసేపటికి ఫోన్ మోగింది.

"ఒరేయ్, మీ అక్క బాగుందిరా! కళ్లు తెరిచి నన్నే ఉరిమి చూస్తోంది," అన్నాడు బావ. "ఇవాళ ఆ హెచ్చరికల పేజీ చూశావా? పైన ఎర్రగా, గుండె ఆగినంత పనైందనుకో. పరుగున వెళ్లి కేబుల్ పీకేశాను."

"మంచిదే కదా బావా."

"మంచిదేలే. కానీ ఆ రంగు కళ్లల్లో పొడుస్తోందిరా. అక్కడెవరైనా తెలిస్తే కాస్త లేత రంగు వెయ్యమని చెప్పు."

పిల్లి భుజం అదిమి పట్టుకుని బల్లకాలి వైపు చూశాడు.

"లేత రంగులావిడ ఇవాళే ఉద్యోగం మానేసింది బావా."