బాబాయ్ తిప్పిన చక్రాలు

"యాక్సిడెంట్‌లా ఉండాలి," అన్నాడు చీఫ్. "తూటా వద్దు, బాంబు వద్దు. మన ఇంజినీర్ని ఎత్తుకుపోయిన విదేశీ ముఠా మనిషి ఆవిడ. మిసైల్ డ్రాయింగులతో రేపు ఒంటరిగా సరిహద్దు దాటుతుంది. కొండ దిగకూడదు."

"ఎర్ర స్పోర్ట్స్ కారేనా సార్?" అడిగాడు ఏజెంట్ నైన్.

"అదే. పొద్దున కొండ మీద వర్క్‌షాప్‌లో అలైన్‌మెంట్‌కి ఇస్తుంది. పనయ్యాక నాకు ఫోన్ చేసి 'గాలి తగ్గింది' అను, చాలు."

మర్నాడు ఏజెంట్ నైన్ నెరిసిన విగ్గు, గ్రీజు మరకల ఓవరాల్‌తో వర్క్‌షాప్‌లో తేలాడు. అసలు వయసు ముప్ఫై నాలుగు. ఆమె కారు దిగి, కూలింగ్ గ్లాసెస్ నుదుటి మీదికి తోసి, నేరుగా "బాబాయ్" అంది. విగ్గు పాసైంది గానీ మనసుకి చురుక్కుమంది.

"బాబాయ్, ముందు చక్రాలకి కేంబర్ కాస్త పెంచు. ఎటు దిగినా మలుపులేగా. పక్క సీట్లో కూడా బరువు పెట్టి చూడు. ఎనభై కిలోలు."

స్పోర్ట్స్ కారుకి ఖాళీ బండి మీద అలైన్‌మెంట్ చెయ్యరు. మనిషి కూర్చుంటే బండి కుంగి చక్రాల వాలు, అదే కేంబర్, మారుతుంది. అందుకే కూర్చునేవాళ్ల బరువుకి సరిపడా ఇసుక సంచులు సీట్లో పెడతారు. ఒంటరిగా వెళ్లే మనిషికి పక్క సీట్లో బరువెందుకు? ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఆర్డర్ ఆర్డరే.

కేంబర్ మాత్రం ప్రాణం పెట్టి చేశాడు. మలుపులో బయటి టైరు రోడ్డుని నిండుగా పట్టుకునేలా ముందు చక్రాల తలలు లోపలికి వాల్చాడు. తర్వాత వెనక చక్రాల ముక్కులు బయటికి తిప్పాడు. తిన్నని రోడ్డు మీద పెద్దగా తెలీదు. మలుపులో కంగారుపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బండి తోక గిర్రున తిరిగిపోతుంది. చేతికున్న గూఢచారి వాచీ బటన్ నొక్కగానే, మెషిన్ స్క్రీన్ మీద తప్పు చూపిస్తున్న ఎర్ర అంకెలన్నీ అంతా సరిగ్గా ఉన్నట్టు బుద్ధిగా పచ్చబడ్డాయి.

"నువ్వు చేశాక ఇక చూసేదేముంది బాబాయ్," అంది ఆమె, స్క్రీన్ వైపు కూడా చూడకుండా. అతను తలెత్తలేకపోయాడు.

కారు గేటు దగ్గర ఆగింది. టోపీ పెట్టుకున్న ఒకాయన తనే తలుపు తీసుకుని ఎక్కి, నవ్వుతూ బెల్టు పెట్టుకున్నాడు. ఫైల్ ఫోటోలో చూసిన మొహం. ఇంజినీర్! కారు సరిహద్దు వైపు కాకుండా రాజధాని వైపు తిరిగింది.

ముఠాలో చేరి ఆయన్ని విడిపించుకొచ్చింది ఆమె. మన మనిషే. మరి చంపమన్న చీఫ్ ఎవరి మనిషి? అడగాల్సిన ఒక్క మాట అడగలేదు తను. బండి ఇచ్చినప్పుడు ఆమె రాసిచ్చిన నంబరుకి వర్క్‌షాప్ ఫోన్ నుంచి చేశాడు.

"చెప్పు బాబాయ్. బండి తోక ఊపుతోందేంటి?"

"కాలు తీయకు! బ్రేక్ తొక్కకు! స్టీరింగ్ అలాగే పట్టుకో. మలుపు దాటాక మెల్లిగా ఆపు."

"ఎదురుగా లోయ!"

"కాలు మాత్రం తీయకు తల్లీ!"

టైర్లు కీచుమన్నాయి. ఇంజినీర్ అరుపు వినిపించింది. తర్వాత ఏమీ లేదు.

"ఆగింది," అంది ఆమె. "అంచుకి జానెడు దూరం. నీకెలా తెలుసు?"

"నేనే చేశాను. చీఫ్ చెప్పాడు. పక్క సీట్లో బరువు అడిగినప్పుడే అనుమానమొచ్చింది. అయినా చేశాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు."

అవతల కారు తలుపు ధడేలుమంది.

"మీ చీఫ్‌కి పనైపోయిందని చెప్పు. నా పైవాళ్లు వెళ్లి పట్టుకునేదాకా అనుమానం రాక కుర్చీలోనే కూర్చుంటాడు. నిన్ను మాత్రం జన్మలో నమ్మను."

"నమ్మొద్దు."

"సరే, స్పానర్లు తీసుకుని తొందరగా రా. ఈ కొండ మీద నీకంటే మంచి మెకానిక్ దొరకడు, నా ఖర్మ!"